చీరాల-పేరాల పుస్తకం వచ్చేసింది

అందరికీ నమస్కారం. చీరాల-పేరాల ఉద్యమం మీద పుస్తకం ప్రెస్ నుంచి వచ్చేసింది. వేసింది పెద్ద సంస్థేమీ కాదు. భార్యాభర్తలిద్దరు, ఏడాదికి రెండు మూడు పుస్తకాలు. ప్యాకింగ్ కూడా వాళ్లే.

స్కూల్లో మనం చదివింది ఒక్క పేరా. మునిసిపాలిటీ పన్నులు కట్టేది లేదని 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఊరు ఖాళీ చేశారు, రామనగర్‌లో గుడిసెలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. అంతే. మరి మగ్గం మీద బతికే ఇళ్లవాళ్లు ఏం చేశారు? అంతమందికి నీళ్లెక్కడివి? ఈ పుస్తకం పట్టుకున్నది ఆ సంగతులు. గోపాలకృష్ణయ్య కూడగట్టిన వాలంటీర్ల దళం రామదండు మీద అధ్యాయం నాకు బాగా నచ్చింది. చివరి అధ్యాయం కాస్త సాగదీశారు, అదీ చెప్పాలి కదా.

వెల 200 రూపాయలు, వేసింది 500 కాపీలు. షాపు కమిషన్ పోతే వాళ్లకు మిగిలేది తక్కువ, అందుకే నేరుగా తెప్పించుకుందాం. చౌకగా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను తపాలా శాఖ 2024 డిసెంబరులో తీసేసింది. ఒక్కో కాపీ విడిగా పంపితే పోస్టేజీ బరువే. ఒకే ఊరివాళ్లు కలిపి ఆర్డర్ పెడితే నయం. హైదరాబాద్ లిస్టు నేను రాస్తాను, గుంటూరు, విజయవాడ వైపు ఎవరైనా పూనుకోండి. అమెరికా మిత్రులకు: ఈబుక్ ఇప్పట్లో లేదట. పీడీఎఫ్ మాత్రం దయచేసి అడగకండి, ఎక్కడైనా దొరికినా ఇక్కడ పెట్టకండి.

ఎన్ని కాపీలో ఆదివారం రాత్రిలోపు ఈ మెసేజ్ కిందే చెప్పండి.