తెర ఇంట్లో, మనిషి మంచె మీద

ఒడిశా ఉన్నత విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. నేను పర్లాకిమిడి తెలుగుదాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగంలో చేరాక ఇక్కడి కొండల్లో సవర గిరిజనులు మాట్లాడే సవర. ఈ లేఖ ఒడియా ప్రతి మీ కార్యాలయానికి పంపాను. మావాళ్లు కూడా చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను. అడిగేది ఒకటే: సోషల్ వర్క్, ప్రజారోగ్యం పట్టాలు రెండూ కలిపి మూడేళ్లలో ఇచ్చే ఉమ్మడి చదువు పెట్టించండి.

నేను ముందు ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్) చదివాను, తరవాత ఎం.పి.హెచ్. (ప్రజారోగ్యం). ఒక్కోటి రెండేళ్లు. గణాంకాలు, పరిశోధనా పద్ధతులు, సర్వే చేయడం రెండుచోట్లా అవే పాఠాలు. ఫీజు మాత్రం రెండుసార్లు. రెండోదానికి అమ్మ గాజులు తాకట్టుకెళ్లాయి. ఇంతా చదివి ఇంటర్వ్యూకి వెళ్తే మొదటి ప్రశ్న: "ఇంతకీ మీది సోషల్ వర్కా, హెల్తా?"

అప్పుడు నోరు పెగల్లేదు. జవాబు తరవాత కొండమీద దొరికింది. ఒడిశాలో 2017 నుంచి దమన్ కార్యక్రమం నడుస్తోంది. మారుమూల ఊళ్లలో జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ మలేరియా పరీక్ష చేస్తారు. మేలు జరిగింది, కాదనను. కానీ ఒక సవర ఊళ్లో ఇంటింటికీ దోమతెరలు అందాక కూడా జ్వరాలు ఆగలేదు. ఎం.పి.హెచ్.లో నేర్పినట్టు నెలవారీగా, ఆడా మగా విడదీసి చూశాను. పంట చేతికొచ్చే ముందు, మగవాళ్లకే ఎక్కువ. ఎందుకో రిజిస్టరు చెప్పదు కదా. ఒక ముసలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఆ మాటా ఈ మాటా మాట్లాడితే బయటపడింది: ఆ రోజుల్లో మగవాళ్లు పోడుచేను కాపలాకి మంచె మీదే పడుకుంటారు. తెరేమో ఇంట్లో వేలాడుతోంది. పొయ్యి దగ్గర కూర్చోవడం నాకు నేర్పింది ఎం.ఎస్.డబ్ల్యూ.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మా ఊళ్లోనే బడిపంతులుగా చేరారు. సవర నేర్చుకోవడానికి ఆ మన్యమంతా తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు. జనం మాట వినడానికి వెళ్లిన మనిషికి వినికిడే పోయింది. ఆ కొండలెక్కినప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు.

ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022లో అనుమతించింది. క్లాసుల వేళలు ఒకదానికొకటి అడ్డు రాకూడదు, లేదంటే ఒకటి దూరవిద్యలో చదవాలి. అది ఒక్క మనిషి రెండు బళ్లు తోలడం. నేను అడిగేది జోడెద్దుల బండి. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు ఈ రెండు పట్టాలూ కలిపి మూడేళ్లలో ఇస్తున్నాయి. ఉమ్మడి పాఠాలు రెండింటికీ లెక్కకొస్తాయి, ఏడాది కలిసొస్తుంది.

మనకి బరంపురంలో విశ్వవిద్యాలయం ఉంది, ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఉంది. ఒకటి మీ శాఖ, ఇంకొకటి ఆరోగ్య శాఖ. (రెండు శాఖల మధ్య ఫైలు నారోగేజీ రోజుల నాటి మా పర్లాకిమిడి రైలు కంటే నెమ్మదిగా నడుస్తుందని తెలుసు.) అయినా ఇద్దరు మంత్రులూ కూర్చుని మూడేళ్ల ఉమ్మడి పట్టా ఒకటి పెట్టించండి. అందులో ఒక ఏడాది గజపతి, రాయగడ కొండల్లోనే గడవాలి. సవర, కువి, తెలుగు భాషల్లో ఏది వచ్చినా దానికి మార్కులుండాలి. నియామక నోటిఫికేషన్లలో ఆ పట్టా పేరు స్పష్టంగా రాయించండి, లేకపోతే నన్నడిగిన ప్రశ్నే మా పిల్లల్నీ అడుగుతారు.

ఈ కార్తీకంలో మళ్లీ మంచెలెక్కుతారు. మీరు చూడ్డానికి వస్తానంటే పర్లాకిమిడి నుంచి జీపు నేను మాట్లాడిపెడతాను. చివరి రెండు మైళ్లు నడవాలి.

ఇట్లు,
గజపతి జిల్లా ఆరోగ్య కార్యకర్త