ఖిలా వరంగల్ ద్వారాల్లోంచి లారీలు వద్దు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా ఇంటికి చుట్టాలు వస్తే ఖిలా వరంగల్ చూపించడానికి తీసుకెళ్తుంటాను. నాలుగు తోరణాల మధ్య నిలబడి ‘కోట గుమ్మాలు ఇవేనా?’ అని చాలామంది అడుగుతారు. కావు. అవి స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపిన కీర్తితోరణాలు. గుడి కూలిపోయింది, అవి మిగిలాయి. వాటికి తలుపులు లేవు, ఎవరినీ ఆపడానికి కట్టినవీ కావు. అసలు కోట ద్వారాన్ని మా చుట్టాలు అప్పటికే దాటి వచ్చి ఉంటారు, ఆటోలో కూర్చుని, అది ద్వారమని తెలియకుండానే. తోరణం రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది, సంతోషమే. ద్వారాల గురించి మాత్రం మాట్లాడేవాళ్లు లేరు, అందుకే ఈ ఉత్తరం.

గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను రుద్రమదేవి పూర్తి చేసింది. చుట్టూ అగడ్త, ఆ బయట మట్టికోట. రాతిగోడకు 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. ఒక్కసారి బండి దిగి ద్వారంలోంచి నడిచి చూడండి. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడ వస్తుంది. పక్కకు తిరగాలి, కాస్త నడిచి మళ్లీ తిరగాలి. ఏనుగును పరుగెత్తించి తలుపు బద్దలు కొట్టాలనుకునే శత్రువుకు ఆ పరుగే దొరక్కుండా చేసిన ఏర్పాటు ఇది. వేగం తగ్గి ఆ ఇరుకులో చిక్కుకున్నవాడికి చుట్టూ గోడల మీద కోట సైనికులు ఉంటారు. నేను చిన్నప్పటి నుంచి ఈ మలుపులు తిరుగుతూనే ఉన్నాను, అయినా తిరిగిన ప్రతిసారీ ఆ కట్టినవాళ్ల బుర్రకు దండం పెట్టాలనిపిస్తుంది. 1310లో ఢిల్లీ సుల్తాన్ సేనాని మాలిక్ కాఫూర్ చేసిన ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో, ఇక్కడి మట్టిగోడలో ఉక్కు బల్లెం కూడా దిగదని రాశాడు. శత్రువు పక్షాన ఉన్న కవి ఒప్పుకున్న మాట అది.

శత్రువు వేగాన్ని ఆపడానికి కట్టిన అదే మలుపుల్లో ఇప్పుడు ఇసుక ట్రాక్టర్లు, డీసీఎంలు, నీళ్ల ట్యాంకర్లు తిప్పలు పడుతున్నాయి. వెనక్కి తీసేటప్పుడు బండి మూల రాయికి ఒరుసుకోవడం నేను కళ్లారా చూశాను. రాతికోట గోడలో రాళ్లు సున్నం లేకుండా ఒకదానిమీద ఒకటి కుదురుగా పేర్చినవి. అంత బరువు రోజూ పక్క నుంచి అదురుతూ పోతుంటే ఆ కుదురు ఎన్నాళ్లు ఉంటుంది? సందుల్లో మొలిచే రావి మొక్కలది ఇంకో బెడద. వేరు లావెక్కాక పీకితే రాయి కూడా కదులుతుంది, మొక్కగా ఉన్నప్పుడే తీసేయాలి.

ఇది కేంద్ర రక్షిత కట్టడం. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్లు అనుమతి కావాలి. కోటలో తరతరాలుగా ఉంటున్నవాళ్లకు పాత ఇంటి పక్కన ఒక గది వేసుకోవాలన్నా టెన్షనే. ఆ నియమాన్ని నేను తప్పుపట్టను. కానీ గది దగ్గర అంత గట్టిగా ఉన్నవాళ్లు, బరువు బండి ఏకంగా కట్టడం లోపలి నుంచే పోతుంటే ఎందుకు ఊరుకోవాలి?

ఊరివాళ్లను అక్కడి నుంచి పంపించేయాలని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట జనం రాకపోకలు సాగించబట్టే ఆ ద్వారాలు ముళ్లకంపల్లో పడిపోకుండా ఉన్నాయి. నడిచేవాళ్లు, సైకిళ్లు, బైకులు, ఆటోలు ఎప్పటిలాగే పోవాలి. బరువు బండ్లను మాత్రం ద్వారానికి చాలా ముందే ఆపేలా, రోడ్డు మీద అడ్డంగా ఎత్తు కమ్మీ పెట్టాలి. అంబులెన్స్, ఫైరింజన్ వస్తే దాన్ని వెంటనే తీయగలగాలి. సరుకు బయట దింపుకుని చిన్న బండ్లలో తెచ్చుకోవడానికి స్థలం చూపించాలి. దానివల్ల ఊరివాళ్ల మీద పడే అదనపు కిరాయిని ప్రభుత్వమే భరించాలి, ఎందుకంటే కోట వాళ్లొక్కరిదే కాదు.

హైదరాబాద్ పాత నగరం గోడకు 13 దర్వాజాలుండేవి. కొన్ని 1908 మూసీ వరదలో దెబ్బతిన్నాయి, తర్వాత రోడ్లకు అడ్డమని చాలావాటిని తీసేశారు. ఇప్పుడు నిలిచి ఉన్నవి దబీర్‌పురా, పురానాపూల్ రెండే. అక్కడ గునపాలతో జరిగింది ఇక్కడ టైర్లతో మెల్లగా జరుగుతోందని నా భయం.

యునెస్కో తాత్కాలిక జాబితాలో 2010లో మన పేరు ఎక్కింది కాకతీయుల ‘ఆలయాలు, ద్వారాలు’ అనే. 2021లో రామప్ప గుడి ఒక్కదానికే ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మిగతావాటి కోసం మళ్లీ అడిగే రోజు వస్తే, చూడటానికి వచ్చేవాళ్లకు ముందు కనిపించేది ఈ ద్వారమే. కమ్మీకి, మొక్కల పనికి సమయం పట్టవచ్చు. ప్రతి ద్వారం దగ్గర దాని కథ చెప్పే తెలుగు బోర్డు ఒకటి పెట్టడానికి మాత్రం వారం చాలు. అధికారులు అక్కడి నుంచి మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, వరంగల్