వాళ్ళ అర్జీకి ప్యాకేజీ, మన అర్జీకి డాకెట్ నంబరు

సంపాదకుల వారికి,

అయ్యా,

మొన్నామధ్య మీ బిజినెస్ పేజీలో ఒక మూల వేసిన వార్త మీద ఇన్నాళ్ళకు రాస్తున్నాను. ఆలస్యానికి కారణం బద్ధకం కాదు, కోపం కాస్త చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు. టెలికం కంపెనీల సంఘం సీవోఏఐ వారు లైసెన్సు ఫీజు తగ్గించమనీ, పల్లెల్లో ఫోను సౌకర్యం కోసం తమ రాబడి నుంచి కట్టే 5 శాతం వసూలు ఆపమనీ కేంద్రాన్ని మళ్ళీ కోరారట. దాని పక్కనే, రీచార్జి ధరలు ఇంకా పెరగవచ్చని రెండు ముక్కలు. ఈ రెండూ పక్కపక్కన వేసిన సబ్-ఎడిటరు ఎవరో గానీ, హాస్యం తెలిసిన మనిషి.

అడగడం తప్పని నేననను. అడగందే అమ్మైనా పెట్టదు. కానీ ఎవరు అడిగితే పెడుతోందో చూస్తేనే కడుపు మండుతుంది. లైసెన్సుల కోసం పోటీపడి పాట పెంచుకున్నదీ వాళ్ళే, తర్వాత కట్టలేమన్నదీ వాళ్ళే. 1999లో కొత్త టెలికం విధానం పెట్టి, కట్టాల్సిన ఫీజు బదులు రాబడిలో వాటా ఇస్తే చాలన్నారు. ఆ తర్వాత రాబడి అంటే ఏది అన్న తగాదా కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగింది. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు కంపెనీలే కట్టాలని తేల్చింది. కట్టారా? 2020లో పదేళ్ళ వాయిదాలు వచ్చాయి, 2021 సెప్టెంబరులో బాకీ కట్టకుండా నాలుగేళ్ళ విరామం (మారటోరియం) వచ్చింది. వొడాఫోన్ ఐడియా బాకీల్లో 2023లో 16,133 కోట్లు, 2025లో 36,950 కోట్లు షేర్లుగా మార్చి, కేంద్రం అందులో 48.99 శాతం వాటాదారు అయింది. అది మూతపడితే మిగిలే ప్రైవేటు కంపెనీలు రెండే కాబట్టి నిలబెట్టడం సబబే కావచ్చు, కాదనను. కానీ దాదాపు సగం కంపెనీ ప్రజలదైనట్టే గదా! వాటాదారుగా నాకింకా సర్వసభ్య సమావేశానికి పిలుపు రాలేదు.

ఇక మన సంగతి. 2015 అక్టోబరులో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారికి ఒక మంచి బుద్ధి పుట్టింది. మాట్లాడుతుండగా కాల్ తెగిపోతే కంపెనీ ఖాతాదారుకు రూపాయి ఇవ్వాలన్నారు. రోజుకు మూడు కాల్స్ వరకే లెండి. అంటే రోజు మొత్తం మీద మూడు రూపాయలు. ఆ మూడు రూపాయల కోసం కంపెనీలన్నీ ఏకమై ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి, అక్కడ ఓడి సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 2016 మే 11న ఆ నిబంధన కొట్టివేశారు. మార్కెట్లో ఒకరి గొంతు ఒకరు పట్టుకునే వాళ్ళు మనకు రూపాయి ఇవ్వాల్సి వచ్చేసరికి ఎంత అన్యోన్యంగా ఉన్నారో చూడండి.

నెలకు 28 రోజులన్నది కూడా వీళ్ళ పంచాంగంలోనే చూశాను. పదమూడుసార్లు రీచార్జి చేస్తే గాని ఏడాది గడవదు. 30 రోజుల ప్లాను ఒక్కటైనా పెట్టండని 2022 జనవరిలో ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది. మా అత్తగారికి బటన్ ఫోను. ఆవిడకు డేటా అంటే ఏమిటో తెలియదు, అయినా ఏళ్ళ తరబడి డేటాకు డబ్బు కట్టాం. మాటలకు మాత్రమే ప్యాకు ఉండాలా అన్న ప్రశ్న ట్రాయ్ 2024లో అడిగితే, అక్కర్లేదన్నాయి కంపెనీలు. డిసెంబరులో ఆదేశం ఇచ్చాక, 2025 జనవరిలో ప్యాకులు వచ్చాయి. ధరలు పరిశీలిస్తామని ట్రాయ్ అన్న కొద్దిరోజులకే కొంత తగ్గాయి కూడా. ఒక్క చూపుకే తగ్గే ధర మొదట ఎందుకు అంత ఉందో అడిగినవారు లేరు.

ఉపగ్రహ ఇంటర్నెట్ సంగతి మరీ ముచ్చట. స్పెక్ట్రం, అంటే సిగ్నళ్ళు నడిచే రేడియో తరంగాలు, వేలం లేకుండా ఇస్తే మాకు అన్యాయం అని మన పెద్ద కంపెనీలు నెలల తరబడి వాదించాయి. 2025 మార్చి 11న ఒక కంపెనీ, 12న రెండో కంపెనీ అదే ఉపగ్రహ ఇంటర్నెట్ ఇచ్చే అమెరికా సంస్థ స్టార్‌లింక్ సేవలను మేమే అమ్ముతామని ఒప్పందాలు ప్రకటించాయి. సిద్ధాంతానికి ఆ వారం సెలవు కాబోలు.

నాకు గుర్తున్నంతలో మామూలు జనం రాసిన ఉత్తరాలు ఢిల్లీలో పనిచేసింది ఒక్కసారే, నెట్ న్యూట్రాలిటీ విషయంలో, అంటే ఇంటర్నెట్లో అన్ని సైట్లనూ కంపెనీలు ఒకేలా చూడాలన్న విషయంలో. 2015లో పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. అందుకు ట్రాయ్ వారు చేసిన సత్కారం, రాసినవాళ్ళ ఈమెయిల్ అడ్రసులన్నీ తమ సైట్లో పెట్టడం! 2016 ఫిబ్రవరి 8న ఉత్తర్వు మాత్రం మంచిదే ఇచ్చారు, ఒప్పుకోవాలి. ట్రాయ్ సంప్రదింపుల్లో కంపెనీలు ఏం రాశాయో ఎవరైనా చదువుకోవచ్చు, ఇంగ్లీషు వస్తే. మరి టెలికం శాఖకు నేరుగా వెళ్ళే వినతిపత్రాల మాటేమిటి? మంత్రులను, కార్యదర్శులను ఎవరు ఏ రోజు ఏ పని మీద కలిశారో రాసిపెట్టాలన్న చట్టం ఈ దేశంలో లేదు. మన దేశంలో ప్రవేశం కోసం అమెరికా దుకాణాల కంపెనీ వాల్‌మార్ట్ చేసుకున్న లాబీయింగ్, అంటే పలుకుబడి ప్రయత్నాల గురించి 2012లో మనకు తెలిసింది అమెరికా సెనేటుకు వాళ్ళిచ్చిన లెక్కల వల్ల. మన ఇంటి గుట్టు పొరుగింటివాడు చెబితే గాని తెలియలేదు. పార్టీలకు విరాళాలిచ్చే ఎలక్టోరల్ బాండ్ల జాబితా కూడా సుప్రీంకోర్టు మెడలు వంచితేనే బయటికొచ్చింది. అందులోనూ టెలికం పేరు ఉంది.

ఇప్పుడు టెలికం వ్యవహారాలు చూసే ఆ శాఖ సహాయ మంత్రి మా గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గారే. ఓటరుగా అడుగుతున్నాను: కంపెనీల నుంచి వచ్చిన ప్రతి వినతిపత్రం, దానికి శాఖ ఇచ్చిన జవాబు, తెలుగులో కూడా, అందరికీ కనిపించేట్టు పెట్టించండి. గ్రామ సచివాలయంలో లబ్ధిదారుల జాబితా గోడకు అంటించగా లేనిది, వేల కోట్ల లబ్ధిదారుల జాబితాకు అంత మొహమాటమా?

మా వీధిలో ఆరు నెలలుగా సిగ్నలు లేదు. మాట్లాడాలంటే మేడెక్కాలి. నా మోకాళ్ళ సంగతి కంపెనీకి అనవసరం. కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేస్తే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు ఇస్తారు, రెండు రోజులకు ‘మీ ఫిర్యాదు పరిష్కారమైంది’ అని మెసేజి వస్తుంది, అది కూడా మేడ మీదే అందుతుంది. అప్పీలు చేసుకోమన్నారు. అప్పీలు అధికారి ఎవరయ్యా అంటే, అదే కంపెనీ ఉద్యోగి! ట్రాయ్‌కి రాస్తే, విడి ఫిర్యాదులు మేం చూడం అన్నారు. నెలకు సగటున 555 రూపాయల బిల్లు వచ్చే అహ్మదాబాదు ఖాతాదారు ఒకరు, ఒక నెల 24 వేలు దాటి బిల్లు వస్తే వినియోగదారుల ఫోరానికి వెళ్ళారు. అసలు నువ్వు ఇక్కడికి రావడానికే వీల్లేదని కంపెనీ సుప్రీంకోర్టు దాకా వాదించింది. రావచ్చు అని 2022 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది. పూర్వం లాండ్‌లైను కనెక్షనుకు ఏళ్ళు పట్టేది, నిజమే. కానీ పాడైతే లైన్‌మన్ సైకిలు మీద వచ్చేవాడు. తిట్టడానికి ఒక మనిషంటూ ఉండేవాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్మాస్టరు,
తెనాలి

తా.క.: ఈ ఉత్తరం ఈమెయిల్లో పంపమని మా మనవడు అన్నాడు. రెండుసార్లు ప్రయత్నించాం, సిగ్నలు లేక వెళ్ళలేదు. అందుకే పోస్టులో వేస్తున్నాను.