కృష్ణ పారేది నాలుగు రాష్ట్రాల్లో, బోర్డులో ఉన్నది రెండే

గౌరవనీయులైన కేంద్ర జలశక్తి శాఖ మంత్రి శ్రీ సి.ఆర్. పాటిల్ గారికి,

నమస్కారం. కృష్ణా డెల్టాలో కాలువ చిట్టచివర, దివిసీమ శివారు భూములు సాగు చేసుకునే కుటుంబం మాది. మా వైపు నుంచి మీకు వచ్చే ఉత్తరాల్లో 'మా వాటా మాకు ఇప్పించండి' అనే ఉంటుంది. నా గోడు వాటా గురించి కాదు. ఏ వానలు చూసి ఆ వాటాలు వేశారో ఆ వానలు ఇప్పుడు కురవడం లేదు. దాని గురించి.

కృష్ణా నీళ్లు రాష్ట్రాలకు పంచడానికి కేంద్రం వేసిన బచావత్ ట్రిబ్యునల్ 1894 నుంచి 1972 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు లెక్కగట్టింది. నూటికి 75 ఏళ్లు నమ్మకంగా వచ్చే నీరు 2,060 టీఎంసీలని (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) తేల్చి, 1973లో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 రాసింది. మరి మిగతా 25 ఏళ్ల సంగతి? దానికీ ఆ ట్రిబ్యునలే దారి చూపింది. కృష్ణా వ్యాలీ అథారిటీ ఒకటి పెట్టి, నీళ్లు ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా అందరూ పంచుకోవాలంటూ స్కీమ్ 'బి' రాసింది. రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదరలేదు, పార్లమెంటు చట్టం చేయలేదు. ముందే రాసిన వాటాల ప్రకారం పంచే స్కీమ్ 'ఎ' ఒక్కటే అమలైంది. మిగులు వాడుకునే వెసులుబాటు దిగువనున్న మాకు వచ్చింది, దాంతోపాటు లోటూ మా నెత్తినే పడింది.

ఒక్క ఏడాది కథ చెప్తాను. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద వందేళ్లకు పైగా ఎన్నడూ లేనంత పొడిగా గడిచింది. శ్రీశైలం నిండలేదు. నవంబర్ 30 తెల్లవారేసరికి నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు, ఆఖరికి సీఆర్‌పీఎఫ్‌ను దించాల్సి వచ్చింది. వారం తిరగకుండానే, డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నీళ్ల కోసం కొట్టుకున్న ఆ సీజన్‌లోనే కోసిన పనలు నీళ్లలో తేలాయి.

ఈ రెండింటికీ సంబంధం ఏమిటో శివారు రైతుని అడగండి. కాలువకు నీళ్లు ఆలస్యమైతే నారుమడి ఆలస్యం. పై ఊళ్లవాళ్లు తూముల దగ్గర అడ్డం వేసుకుంటారు, పాపం కాలువ కాపలా కాసే లస్కరు ఎంతమందితో గొడవ పడతాడు? ఈలోగా మా నేలలో ఉప్పు పైకి తేలుతుంది, నారు కొసలు ఎర్రబడి మాడిపోతాయి, మళ్లీ విత్తనం కొనాలి. అలా నెల వెనకబడిన వరి సరిగ్గా తుఫానుల రోజుల్లో కోతకొస్తుంది. ఎగువన ఎప్పుడో జులైలో గేట్ల దగ్గర తీసుకున్న నిర్ణయం డిసెంబర్‌లో మా కళ్లం మీద తేలుతుంది.

ఆ తర్వాతి వానాకాలం, 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) సముద్రంలోకి పోయాయి. అదే వేగంతో ఒక రోజంతా పారితే దాదాపు 99 టీఎంసీలు, అంటే రెండు పులిచింతల ప్రాజెక్టులకు పైగా. లంక గ్రామాల్లో అరటి, పసుపు, కంద అన్నీ మునిగాయి. (విజయవాడను ముంచింది బుడమేరు వాగు, అది వేరే కథ.)

ఇక బోర్డు సంగతి. 2014 విభజన చట్టంతో వచ్చిన కృష్ణా నది యాజమాన్య బోర్డులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మాత్రమే ఉన్నాయి. నది పుట్టిన మహారాష్ట్ర లేదు, ఎగువన అలమట్టి డ్యామ్ చేతిలో ఉన్న కర్ణాటక లేదు. అలమట్టి ఎత్తు పెంచితే మాకు నీళ్లు రావని మా భయం. 2019లో మునిగిన సాంగ్లీ, కొల్హాపూర్‌లది ఇంకో భయం, అలమట్టి నుంచి వెనక్కి తన్నే నీళ్లతో. ఈ రెండు భయాలనూ ఒకే బల్ల మీద పెట్టే చోటే లేదు, కోర్టు తప్ప.

కలిసి పనిచేయడం మనవల్ల కాదని మాత్రం అనకండి. 2024 ఆగస్టు 10 రాత్రి, కృష్ణలో కలిసే తుంగభద్ర మీది డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ ఉన్న తుంగభద్ర బోర్డు కింద, కన్నయ్యనాయుడు గారి లాంటి ఇంజినీర్లు పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు (తాత్కాలిక ఇనుప అడ్డుపలకలు) దించి వారంలో నిలబెట్టారు. అదే బోర్డు ఉండగా గేటు అంత పాతబడే దాకా ఎందుకు ఊరుకున్నారన్నది కూడా అడగాల్సిందే అనుకోండి.

గుజరాత్ నుంచి వచ్చిన మీకు సూరత్ తెలియని ఊరు కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు ఆ ఊరు ఎలా మునిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. డ్యామ్ నిండుగా ఉంచాలా, వరదకు చోటు ఉంచాలా అన్న టెన్షన్ ఒక్క రాష్ట్రంలోనే అంత కష్టమైతే, నాలుగు రాష్ట్రాల నదికి ఎంత కష్టమో ఆలోచించండి.

అందుకే అడుగుతున్నాను. ట్రిబ్యునళ్లు తేలేదాకా ఆగకుండా, ఏటా మే నెలలో నాలుగు రాష్ట్రాల నీటిపారుదల అధికారులను కూర్చోబెట్టి, మహారాష్ట్రలోని కొయ్నా నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా ఏ డ్యామ్ ఎప్పుడు ఎంత ఖాళీ ఉంచాలో, కరువొస్తే ఎవరు ఎంత తగ్గించుకోవాలో ముందే రాయించండి. తగ్గించుకునే జాబితాలో మా డెల్టా కూడా ఉండాలి, నాకు అభ్యంతరం లేదు. గేట్లెత్తే కబురు గంటగంటకూ మరాఠీ, కన్నడ, తెలుగుల్లో జనం ఫోన్లకు రావాలి. వచ్చే మే నెలలో ఆ మొదటి మీటింగ్ ఏ తేదీనో చెప్పండి చాలు, మేం నారు ఎప్పుడు పోసుకోవాలో చూసుకుంటాం.

ఇట్లు,
దివిసీమ శివారు రైతు