కోరంగి ఓడలను మరిచారా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో మన దేశ నౌకాయాన చరిత్రపై వ్యాసం చదివాను. హరప్పా కాలపు రేవు లోథాల్ ఉంది, చోళుల నౌకాబలం ఉంది. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న పాత రేవు కోరంగి మాత్రం ఒక్క వాక్యంలోనూ లేదు. శాతవాహనుల నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉందన్న సంగతీ రాలేదు.

మాది కోరంగి పక్కనే ఉన్న తాళ్ళరేవు. మా తాతగారు ఓడలు కట్టిన వడ్రంగి. పలక సందుల్లో దూది కుక్కి, గుగ్గిలం కలిపిన నూనె పూసి, ఆరాక పిడికిలితో కొట్టి చెవి ఆనించి వినేవారు. కాగితం మీద గీత లేదు, లెక్కంతా కంటిలోనే. ఆయన కొయ్య చెక్కే బాడిస పిడి అరచేతి ఆకారంలో అరిగిపోయింది. ఇప్పటికీ అటక మీదే ఉంది.

కోరంగిని 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ముంచేసింది. రెండో దెబ్బకు రేవు మళ్ళీ తేరుకోలేదు. వర్తకం కాకినాడకు తరలింది. పేరు మాత్రం సముద్రం దాటింది: బర్మా వెళ్ళిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. రేవు పోయినా పేరు పోలేదు, చిత్రం కదా!

ఇప్పుడు కోరంగి అంటే అందరికీ మడ అడవులే. చూడవలసినవే, కాదనను. ఈ రేవు మీద, కొయ్య ఓడల పని తెలిసిన ముసలివాళ్ళ మీద మీరొక వ్యాసం వేయండి. మీ విలేకరి వస్తే బాడిస అటక మీంచి దించి చూపిస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తాళ్ళరేవు