‘నార్మల్’ రిపోర్టు చూసి కొడుకుని కొట్టిన తండ్రి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ పేపర్లో కొకైన్ అలవాటు మెదడును ఎలా మారుస్తుందో చెబుతూ పెద్ద బొమ్మ వేశారు. ఒక మెదడు నిండా ఎరుపు, పసుపు. పక్కన ఇంకో మెదడు వెలవెలబోతూ నీలంగా ఉంది. కింద ‘మత్తుకు బానిసైన మెదడు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ బొమ్మ గురించే ఈ ఉత్తరం.

నేను గుంటూరులో ఒక స్కాన్ సెంటర్‌లో ఇరవై రెండేళ్లుగా ఎంఆర్ఐ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. డాక్టర్ని కాను. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు గారు, మనిషిని పడుకోబెట్టి బొమ్మ తీసేది నేను. మర్నాడు పొద్దున మీ పేజీని కత్తెరతో నీటుగా కత్తిరించుకుని ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. ఆయనది సత్తెనపల్లి వైపు. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత చీటీ కూడా రాయించుకొచ్చాడు. ‘బాబూ, ఇట్టాంటి బొమ్మ మావాడికి తియ్యి. ఎక్కడ పాడైందో చూపిస్తే వైద్యం చేయిస్తాను’ అన్నాడు. కుర్రాడికి ఇరవై ఏళ్లు, విజయవాడలో ఇంజనీరింగ్. అలవాటైంది గంజాయి, దాంతోపాటు ఏవో మాత్రలు. కొకైన్ మొహం కూడా చూసి ఉండడు. పెద్దాయన డబ్బు తీస్తుంటే జేబులోంచి మిర్చి అమ్మకం లెక్క చీటీ, అదే యార్డు తక్‌పట్టీ కూడా బయటికొచ్చింది. దాన్ని మళ్లీ మడతల ప్రకారం మడిచి లోపల పెట్టుకున్నాడు.

మొలతాడుకున్న రాగి తాయెత్తు తియ్యమంటే కుర్రాడి కంటే తండ్రే ఎక్కువ తటపటాయించాడు. చివరికి విప్పి రుమాల్లో కట్టి గుప్పిట్లో పెట్టుకున్నాడు. లోపల కుర్రాడు కుదురుగా లేడు. మెషీన్ డబడబా మొదలవగానే తల కదిపేవాడు, బొమ్మ అలుక్కుపోయేది. రెండుసార్లు ఆపి మైకులో ‘తమ్ముడూ, ఇంకొక్క పావుగంట ఓర్చుకో’ అని బతిమాలాను. మూడోసారి కళ్లు గట్టిగా మూసుకుని, పిడికిళ్లు బిగించి కట్టెలా పడుకున్నాడు. ఒంట్లో వణుకు ఉన్నవాడికి అదెంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. నార్మల్. పెద్దాయన ఆ మాటను రెండుసార్లు కూడబలుక్కుని చదివి, ‘అంటే మెదడు శుభ్రంగానే ఉంది. కావాలనే చేస్తున్నాడన్నమాట’ అంటూ వరండాలో అందరి ముందూ కొడుకు చెంప పగలగొట్టాడు.

ఆ దెబ్బలో మీ బొమ్మకూ, మా రిపోర్టుకూ వాటా ఉంది. మా మెషీన్ చూసేది మెదడు కట్టడం. గడ్డ ఉందా, నెత్తురు గూడు కట్టిందా, ఎక్కడైనా నాళం మూసుకుపోయిందా అన్నవి. వ్యసనం అందులో కనపడదు. మీరు వేసిన రంగుల బొమ్మ వచ్చే దారి వేరు. మెదడులో ఏదైనా భాగం పనిలో పడితే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువ వస్తుంది. ఫంక్షనల్ ఎంఆర్ఐ పట్టుకునేది ఆ కాస్త తేడానే. అలవాటున్న కొందరినీ, లేని కొందరినీ మెషీన్‌లో పెట్టి, సగటున తేడా వచ్చినచోట కంప్యూటర్ రంగు అద్దుతుంది. అంటే ఆ ఎరుపు లెక్కల్లోంచి వచ్చిన ఎరుపు, ఫొటో కాదు. 2009లో అమెరికాలో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించారు. వేల చోట్ల ఒకేసారి పోల్చినప్పుడు ఉత్తినే తగిలే తేడాలను తీసేసే సవరణ లెక్కల్లో చెయ్యకపోతే ఆ చేప మెదడులో కూడా రంగు చుక్క వెలిగింది! మూడేళ్ల తర్వాత దానికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) ఇచ్చారు.

అలాగని పరిశోధనలు ఉత్తవని నేననడం లేదు. 2003లో వచ్చిన ఒక పరీక్ష చూడండి. తెర మీద ఎక్స్, వై అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి గబగబా వస్తుంటాయి. అక్షరం మారినప్పుడల్లా బటన్ నొక్కాలి. అదే అక్షరం రెండోసారి వస్తే వేలు ఆపుకోవాలి. కొకైన్ వాడేవాళ్లు ఎక్కువ సార్లు ఆపుకోలేకపోయారు. ఆ క్షణంలో మామూలు వాళ్లకు చురుగ్గా ఉండే యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం (నుదుటి వెనక, రెండు అర్ధగోళాల మధ్య లోపలిగా ఉంటుంది) వీళ్లలో మందకొడిగా ఉంది. అంతకు పదేళ్ల ముందే అమెరికా పరిశోధకురాలు నోరా వోల్కో బృందం, కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే పెట్ స్కాన్‌లతో ఇంకో సంగతి చూపింది. కొకైన్‌కు అలవాటుపడ్డవాళ్లలో మెదడులో ఆనందం, కోరికలతో ముడిపడ్డ డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 గ్రాహకాలు తక్కువగా ఉన్నాయి, మానేసి మూడు నాలుగు నెలలైనా ఆ తక్కువ అలాగే ఉంది. తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఇదే. నెల రోజులు ఎక్కడో ఉంచి తీసుకొచ్చి, ‘ఇంకా బుద్ధి రాలేదా’ అంటే ఎలా వస్తుంది?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం కేంబ్రిడ్జ్‌లో కారెన్ ఎర్ష్ బృందం 2012లో ప్రచురించిన పని. కొకైన్‌కో, అలాంటి ఇంకో ఉత్తేజక మందుకో అలవాటుపడ్డ 50 మందిని, వాళ్ల సొంత అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో అయ్యుండి ఆ అలవాటు లేని 50 మందిని పక్కపక్కన పెట్టి చూశారు. ఆపుకునే పరీక్షలో ఇద్దరూ వెనకబడ్డారు. మెదడులో తేడాలూ ఇద్దరికీ ఉన్నాయి. ఒకడు మత్తులో పడ్డాడు, ఇంకొకడు పడలేదు. మన ఇళ్లలో మాత్రం ఒక కడుపున పుట్టిన ఇద్దరిలో తాగని వాణ్ణి చూపించి తాగేవాణ్ణి తిడతాం. 2013లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, కొకైన్ మానేసి ఎక్కువ వారాలైన వాళ్లలో మెదడులోని కొన్ని భాగాల్లో గ్రే మేటర్ (నాడీకణాలు గుమిగూడి ఉండే బూడిదరంగు పదార్థం) ఎక్కువగా ఉన్నట్టు తేలింది. చూసింది వేర్వేరు మనుషుల్ని కాబట్టి, ఒకే మనిషి మెదడు తిరిగి పూడుకుందని దాన్నిబట్టి చెప్పలేం. అయినా నీలం బొమ్మ చూసి ‘ఇక వీడు అయిపోయాడు’ అనుకునే ఇంట్లో ఆ సంగతి కూడా తెలియాలి కదా.

అయితే ఇవన్నీ గుంపుల సగటు. చాలా పరీక్షల్లో మనుషులు పదుల్లోనే ఉంటారు. ఫలానా ఊరి ఫలానా అబ్బాయి వాడుతున్నాడా, మానతాడా అని ఏ స్కానూ చెప్పదు. వాడాడో లేదో తెలియాలంటే యూరిన్ టెస్టు చాలు. కొకైన్ ఆనవాలు రెండు నుంచి నాలుగు రోజుల దాకా దొరుకుతుంది. ఫిట్స్ వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, మాట పడిపోయినా స్కాన్ తప్పనిసరి. ‘పెద్దాయన తృప్తి కోసం’ రాసే స్కాన్ వద్దు. ఈ మాట అంటే మా సెంటర్‌లో నాకే చీవాట్లు పడతాయి, అందుకే పేరు వేయొద్దని అడుగుతున్నాను.

స్కాన్‌కు పోసే ఆ ఐదారు వేలు కౌన్సెలింగ్‌కు పోతే ఎంత నయం! కొకైన్‌కు ఆమోదం పొందిన మాత్ర ఈరోజుకీ లేదు. బాగా పనిచేస్తున్నట్టు తేలింది చాలా చిన్న పద్ధతి. వారానికి రెండు మూడుసార్లు యూరిన్ టెస్టు, క్లీన్‌గా వచ్చిన ప్రతిసారీ ఓ చిన్న బహుమతి కూపన్. ఎప్పుడో వచ్చే ఉద్యోగం, ఎప్పుడో జరిగే పెళ్లి చూపించి ఆపలేని మనిషిని ఈ సాయంత్రం చేతికొచ్చే కూపన్ ఆపుతుంది. దానికి ఎంఆర్ఐ మెషీన్‌లో ఉండే భారీ అయస్కాంతం అక్కర్లేదు, కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. పైగా మన దగ్గర కొకైన్ ఎంతమందికని? 2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ జాతీయ సర్వేలో దేశం మొత్తం మీద కొకైన్ వాడినవాళ్లు 10.7 లక్షలు, గంజాయి రకాలు వాడినవాళ్లు 3.1 కోట్లు, మద్యం తాగేవాళ్లు 16 కోట్లు.

ఇంకొకటి. ఆ తండ్రి పెద్దాసుపత్రికి పోకుండా మా దగ్గరికొచ్చింది భయంతో. ‘అక్కడికెళ్తే కేసు రాస్తారంటగా’ అన్నాడు. విజయవాడలో, గుంటూరులో కాలేజీ గోడల మీద నేను చూసిన పోస్టర్లలో ఎన్నేళ్ల జైలో పెద్దక్షరాల్లో ఉంటుంది. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉందని ఎక్కడా ఉండదు. వాడకం కేసులోనో, చిన్న మోతాదు కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, ప్రభుత్వం గుర్తించిన సంస్థలో గానీ చేరి చికిత్స పూర్తి చేసుకుంటే అతన్ని ప్రాసిక్యూట్ చెయ్యకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. సగంలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. సమాచారం ఇవ్వడానికి మత్తుపదార్థాల మీద నిఘా పెట్టే పోలీసు విభాగం ఈగల్ నంబర్ 1972 చాలామందికి తెలుసు. చికిత్స కోసం మాట్లాడాలంటే కేంద్రం పెట్టిన 14446 ఉందని ఎంతమందికి తెలుసు?

కాబట్టి మనవి ఏమిటంటే, రంగుల మెదడు బొమ్మ వేసినప్పుడల్లా అది ఎంతమంది సగటో కింద ఒక వాక్యం రాయండి. వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్దక్షరాల్లో 64ఎ గురించి, 14446 గురించి వెయ్యండి. ఆ పెద్దాయన మీ పేపరు రోజూ కొంటానని చెప్పాడు.

ఇట్లు,
ఒక ఎంఆర్ఐ టెక్నీషియన్,
బ్రాడీపేట, గుంటూరు