ఇంటి ప్రార్థనలపై నగర పోలీసు కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

హైదరాబాద్ బోరబండలో ఒక ఇంటి సంఘానికి, అంటే చర్చిలో కాక ఇంట్లో కూడి ప్రార్థించే క్రైస్తవ సంఘానికి, పెద్దగా ఉన్నాను. ఇళ్లలో కూడుకోవడం కొత్త పోకడ కాదు. మొదటి శతాబ్దంలో కొలస్సీ పట్టణంలోని క్రైస్తవ విశ్వాసులు ఫిలేమోను అనే తోటి విశ్వాసి ఇంట్లోనే కూడేవారు.

మా విన్నపం ఒక్కటే. ఇంటి ప్రార్థనకు ఏ అనుమతి కావాలో, ఏది అక్కరలేదో తెలుగులో, ఉర్దూలో రాయించి ప్రతి స్టేషన్‌లో అంటించండి. ఫిర్యాదు వస్తే ముందు ఇంటి యజమానితో మాట్లాడమనండి. ఆడవాళ్లను, పిల్లలను వీధిలో నిలబెట్టి సంజాయిషీ అడగడం ఎవరికీ గౌరవం కాదు.

రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇస్తూనే ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు పెట్టింది. ఆ హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా యువకుల్లో కొందరికి ఈ మాట రుచించదు. వాళ్ల ఉత్సాహమంటే నాకు ప్రాణం. అయినా చెబుతూనే ఉంటాను: పిలవని గుమ్మం ఎక్కవద్దు, జబ్బుపడ్డవాళ్లను మందులు మానమనవద్దు, బియ్యం ఇచ్చిన చేత్తోనే కరపత్రం ఇవ్వవద్దు. అసలు చిన్న గదిలో మైకు ఎందుకు? నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్లకు మా పాట అడ్డమైతే ఆ తప్పు మాదే.

జాగ్రత్త పేరుతో తలుపులు బిగించుకోవడమూ నాకు ఇష్టం లేదు. అనుమానం పుట్టేది అక్కడే. కూడిక వేళలు ఇరుగుపొరుగుకు ముందే చెబుతున్నాం. స్టేషన్‌కూ చెబుతాం, ఆ సమాచారం అనుమతి కోసం ప్రాధేయపడటంగా మారదని మీరు హామీ ఇస్తే.

ఇట్లు,
ఒక ఇంటి సంఘ పెద్ద, బోరబండ